రాతకు లొంగేది, చెవికి మిగిలేది



కర్ణాటక సంగీతం నేర్పే ఏ పుస్తకం తెరిచినా మనకు తెలిసిన అక్షరాలే కనిపిస్తాయి. స, రి, గ, మ. వాటి నెత్తిన చుక్కలు, కాళ్ల కింద చుక్కలు, మధ్యలో కామాలు, సెమికోలన్లు, పైన అడ్డగీతలు, పక్కన నిలువుగీతలు ఉంటాయి. ఇక కచేరీకి వెళ్తే చెవిన పడే మాటలు వేరు: ఆవర్తనం, ఎడుపు, సంగతి, నెరవల్, గమకం, పాఠాంతరం. వీటి అర్థాలు చెప్పే పట్టికలు చాలానే ఉన్నాయి. పరీక్షలకు చదివే పిల్లలు వాటిని కంఠతా పడతారు. అయితే పట్టికలో ఈ మాటలన్నీ ఒకే వరసలో నిలబడటం వల్ల ఒక ముఖ్యమైన తేడా మరుగున పడుతోందని నా అభిప్రాయం. ఈ పరిభాషలో కొన్ని మాటలు కొలతకు సంబంధించినవి. స్థాయి, అక్షరం, ఆవర్తనం, జాతి, గతి, ఎడుపు అలాంటివి. వీటిని కాగితం మీద పూర్తిగా పెట్టవచ్చు. మరికొన్ని కదలికకు సంబంధించినవి. గమకం, జారు, నొక్కు, రాగభావం ఈ కోవకు వస్తాయి. వీటికి పేర్లున్నాయి, గుర్తులూ ఉన్నాయి. కానీ ముందు విని ఉన్నవాడికే అవి అర్థమవుతాయి. స్వరలిపి చదవడం వచ్చిందంటే ఈ రెంటి మధ్య హద్దు ఎక్కడుందో తెలిసిందన్నమాట. ఆ హద్దు తెలియనివాళ్లు రెండు రకాలుగా పొరబడతారు. కొందరు పుస్తకంలో ఉన్నదే పాట అనుకుంటారు. ఇంకొందరు పుస్తకం వల్ల ప్రయోజనమే లేదంటారు.

ముందు కొలతల సంగతి చూద్దాం. మొదటి పాఠం సరళీ స్వరాలు. మాయామాళవగౌళ రాగం, ఆది తాళం. ఈ పాఠక్రమాన్ని పురందరదాసు ఏర్పరిచాడని సంప్రదాయం చెబుతుంది. పుస్తకంలో మొదటి వరస ఎలా ఉంటుందో చెబుతాను, మనసులో ఊహించుకోండి. స రి గ మ, ఒక నిలువుగీత. ప ద, ఇంకో నిలువుగీత. ని స, రెండు నిలువుగీతలు. ఉన్నవి ఎనిమిది అక్షరాలే అయినా తాళం మొత్తం అందులోనే ఉంది. ఆది తాళమంటే ఒక లఘువు, రెండు ద్రుతాలు. లఘువుకు నాలుగు అక్షరాలు: ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. ద్రుతానికి రెండు: ఒక దెబ్బ, అరచేయి వెల్లకిలా తిప్పడం. స రి గ మ దగ్గర లఘువు, ప ద దగ్గర మొదటి ద్రుతం, ని స దగ్గర రెండోది పూర్తవుతాయి. రెండు నిలువుగీతల దగ్గర ఆవర్తనం ముగుస్తుంది. చివరి స నెత్తిన చుక్క ఉంటుంది. అది తారస్థాయి షడ్జమం, మధ్యస్థాయి షడ్జమానికి సరిగ్గా రెట్టింపు కంపనసంఖ్య గలది. చుక్క కింద పెడితే మంద్రస్థాయి. అక్షరం మీద ఒక అడ్డగీత గీస్తే రెండో కాలం, అంటే ఒక్కో దెబ్బకు రెండేసి స్వరాలు పడతాయి. రెండు గీతలు గీస్తే నాలుగేసి. ఒకటో కాలంలో ఆరోహణకే ఒక ఆవర్తనం పట్టేది, రెండో కాలంలో ఆరోహణ అవరోహణలు రెండూ అదే ఆవర్తనంలో సరిపోతాయి. స్వరాన్ని సాగదీయాలంటే తెలుగు లిపి తనంతట తానే ఒక సౌకర్యం ఇస్తుంది. స హ్రస్వం, ఒక మాత్ర. సా దీర్ఘం, రెండు మాత్రలు. ఇంకా సాగాలంటే కామా ఒక మాత్ర, సెమికోలన్ రెండు. ఇందులో ఊహకు గానీ అభిరుచికి గానీ తావు లేదు. రాజమండ్రిలో చదివినా సింగపూర్‌లో చదివినా లెక్క ఒక్కటే.

ఈ కొలత మాటల్లో తరచు కలగాపులగమయ్యేవి రెండు జతలున్నాయి. మొదటిది జాతి, గతి. లఘువుకు ఎన్ని అక్షరాలో చెప్పేది జాతి. ఒక్కో అక్షరానికి ఎన్ని మాత్రలో చెప్పేది గతి, దాన్నే నడక అంటాం. రెంటికీ అవే పేర్లు: తిశ్రం మూడు, చతురశ్రం నాలుగు, ఖండం ఐదు, మిశ్రం ఏడు, సంకీర్ణం తొమ్మిది. తనియావర్తనంలో, అంటే లయవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, మృదంగం వాయించేవారు ఆది తాళంలోనే ఉంటూ తిశ్రగతిలోకి మారినప్పుడు మన చేతి దెబ్బలు ఎప్పటిలాగే ఎనిమిదే. దెబ్బకూ దెబ్బకూ మధ్య పడేవి మాత్రం మారతాయి. ఇది తెలియక, తాళమే మారిందనుకుని చేయి ఆపేసేవాళ్లు సభలో చాలామంది ఉంటారు. రెండో జత కాలం, కాలప్రమాణం. కాలం అంటే ఒకటి, రెండు, నాలుగు అనే రెట్టింపు లెక్క. కాలప్రమాణం అంటే పాట ఎత్తుకున్న నిదానం. మొదటిదాన్ని గీతలు చెబుతాయి. రెండోదాన్ని మన పుస్తకాలు చెప్పవు, మహా అయితే పైన విలంబమనో మధ్యమమనో ఒక మాట ఉంటుంది. అలాగే స అనే అక్షరం ఏ స్థిరమైన ఎత్తునూ చెప్పదు. ఒకరు ఒకటో శ్రుతిలో పాడతారు, ఇంకొకరు ఐదున్నర శ్రుతిలో పాడతారు, రెండూ స నే. అంతేకాదు, రి అని రాసినప్పుడు అది శుద్ధ రిషభమా చతుశ్శ్రుతి రిషభమా అన్నది కూడా అక్షరంలో లేదు. పైన రాసిన రాగం పేరు చూసి తెలుసుకోవాల్సిందే. స్వరస్థానాలు పన్నెండు, వాటికి పేర్లు పదహారు. 17వ శతాబ్దంలో వేంకటమఖి వీటిని కూర్చి 72 మేళాల చట్రం తయారుచేశాడు. ఆ చట్రం తెలిసినవాడికి రాగం పేరు చూడగానే రి ఏదో గ ఏదో తెలిసిపోతుంది. అంటే కొలతకు పూర్తిగా లొంగిన చోట కూడా స్వరలిపి పాఠకుడికి ముందే కొంత తెలుసుననే నమ్మకం మీద నడుస్తోంది.

ఇక కదలిక దగ్గరికి వస్తే ఆ నమ్మకం ఇంకా పెద్దది. తోడి రాగం తీసుకోండి. అందులో ఉన్నది సాధారణ గాంధారం. పుస్తకంలో గ అని ఒక్క అక్షరం ఉంటుంది. ఆ గాంధారాన్ని హార్మోనియం మెట్టు మీద నొక్కినట్టు నిలకడగా పలికించండి, తోడి రాదు. తోడి గాంధారం కింద రిషభం వైపు, పైన మధ్యమం వైపు ఊగుతూ పలుకుతుంది. తన స్థానంలో అది నిలిచే సమయం బహు స్వల్పం. ఇదే స్వరస్థానాలను ఊపు లేకుండా పాడితే వినేవారికి హిందుస్తానీ భైరవి ఛాయ తోస్తుంది, ఎందుకంటే ఆ రాగపు ఠాట్‌కు స్వరాలు ఇవే. ఇంకా బలమైన సాక్ష్యం ఆరభి, దేవగాంధారి. రెండూ 29వ మేళమైన ధీరశంకరాభరణంలో పుట్టినవే. ఆరోహణ ఒకటే, స రి మ ప ద స. అవరోహణ ఒకటే, స ని ద ప మ గ రి స. కాగితం మీద కవల పిల్లలు. పాడితే మాత్రం ఆరభి చురుగ్గా, సూటిగా నడుస్తుంది, గాంధార నిషాదాలను అంటీ అంటనట్టు దాటిపోతుంది. దేవగాంధారి నింపాదిగా, ఊపుతో, స్వరాల మీద నిలుస్తూ సాగుతుంది. రెంటినీ వేరుచేస్తున్నది స్వరాల జాబితా కాదు, స్వరం నుంచి స్వరానికి వెళ్లే తీరు. దాని పేరే గమకం. కంపితం, స్ఫురితం, నొక్కు, రవ, ఖండింపు, ఒదిగింపు, ఓరిక, జారు అని అందులో భేదాలు చెప్పారు. స్వరం మీద ఊగడం కంపితం, జంటస్వరాల్లో రెండోదాన్ని కింది స్వరం నుంచి తట్టి పలకడం స్ఫురితం, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా పాకడం జారు. ఇలా నిర్వచించగలం, నిజమే. కానీ ఎంత ఊగాలి, ఎన్నిసార్లు ఊగాలి, ఏ క్షణంలో ఆగాలి అన్నది రాగాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి, గురువు బాణీని బట్టి ఉంటుంది.

ఈ వాదనకు చరిత్ర ఇచ్చే సాక్ష్యం చాలా గట్టిది. తమిళనాడులో పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై అనే ఊళ్లో కొండరాతి మీద ఒక సంగీత శాసనం ఉంది. 7వ శతాబ్దం నాటిదని చాలామంది పండితుల అంచనా. స్వరాలను నాలుగేసి చొప్పున గుంపులు కట్టి, ఒక్కో స్వరానికి అచ్చులు మార్చి, కొన్నింటి మీద చుక్కలు పెట్టి చెక్కారు. రాయి చెక్కుచెదరలేదు, అక్షరాలు చదవగలం. అయినా ఆ అచ్చుల మార్పు దేనికి, ఆ చుక్క దేనికి అన్న ప్రశ్నల మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. దాన్ని పాడిన గొంతుల పరంపర తెగిపోయింది కాబట్టి లిపి మిగిలినా పాట మిగల్లేదు. దీనికి ఎదురుగా తిరుమలలోని తాళ్లపాక రాగిరేకులను పెట్టి చూడండి. 1408 నుంచి 1503 వరకు జీవించిన అన్నమాచార్యుల సంకీర్తనలు వేలకొద్దీ వాటి మీద ఉన్నాయి. సాహిత్యం ఉంది, ప్రతి కీర్తనకూ రాగం పేరు ఉంది. స్వరం లేదు. 20వ శతాబ్దంలో రేకుల్లోని కీర్తనలు వెలుగు చూశాక రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి పెద్దలు, ఆ తర్వాత మరెందరో కొత్తగా వరసలు కట్టారు. ఆ వరసల్లో కొన్ని మహాద్భుతంగా ఉన్నాయి, వాటికి మనం రుణపడి ఉన్నాం. అయినా అవి మన కాలపు వరసలు. అన్నమయ్య ఏ వరసలో పాడాడో ఆ రాగం పేరు ఒక్కటే మనకు చెప్పలేకపోయింది. ఒకచోట రాత ఉండి వినికిడి పోయింది, ఇంకోచోట రాత లేక వరసలు పోయాయి. ఈ రెండు నష్టాలనూ పక్కపక్కన పెట్టి చూసినవారు రాత గొప్పదా వినికిడి గొప్పదా అనే పోటీ పెట్టరు.

రెండూ కలిసివచ్చిన ఉదాహరణ కూడా మన కళ్ల ముందే ఉంది, అదీ తెలుగులోనే. 1904లో ఎట్టయపురం సంస్థానంలో సుబ్బరామ దీక్షితులు ప్రచురించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకు ఆయన దత్తపుత్రుడు. ఆ కుటుంబంలో నోటినుంచి నోటికి వచ్చిన కృతులు రెండు వందలకు పైగా అందులో తెలుగు లిపిలో స్వరపరిచి ఉన్నాయి. అంతకుముందే మద్రాసులో తచ్చూరు సింగరాచార్యుల సోదరులు తెలుగులో స్వరపుస్తకాలు అచ్చువేశారు గానీ, సుబ్బరామ దీక్షితులు చేసిన పని ఒకటి వేరు. ఆయన గమకాలకు విడివిడిగా గుర్తులు ఏర్పరిచి స్వరాల మీద ముద్రింపించారు. కంపితానికి అలల గీత, జారుకు ఏటవాలు గీత, ఇలా. ఆ గుర్తులు ఇవాళ మనకు ఉపయోగపడుతున్నాయంటే ఆ కృతులను పాడే పరంపర కూడా సజీవంగా ఉండటమే కారణం. ఇప్పుడు పాడే తీరు ఆ గుర్తులకు అర్థం చెబుతోంది. ఆ గుర్తులు ఇప్పుడు పాడే తీరు ఎక్కడ దారి తప్పిందో చూపిస్తున్నాయి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. లోపమంతా మన లిపిలోనే ఉంది, పాశ్చాత్యుల అయిదు గీతల లిపి పెట్టుకుంటే సరిపోతుంది కదా అని. ఇది కొత్త మాటేమీ కాదు. 1890లలోనే చిన్నస్వామి మొదలియార్ మన కృతులను ఆ లిపిలో అచ్చువేసే మహాప్రయత్నం చేశారు. సుబ్బరామ దీక్షితుల పుస్తకం వెనుక ఆయన ప్రోద్బలం ఉంది కూడా. అయిదు గీతల లిపి గొప్పదే. నలభైమంది వాద్యకారులు ఒకేసారి వేర్వేరు స్వరాలు వాయించే వాద్యబృందానికి అంత కచ్చితమైన లిపి లేకపోతే పని జరగదు. అయితే అది పలికే స్వరస్థానాన్ని ఒక బిందువుగా చూపిస్తుంది. తోడి గాంధారం బిందువు కాదు, ప్రయాణం. పైగా వాళ్ల లిపి కూడా అన్నీ రాయదు. 1720లో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ తన పెద్దకొడుకు అభ్యాసం కోసం మొదలుపెట్టిన పుస్తకంలో అలంకారాల గుర్తుల పట్టిక ఒకటి వేసి, ఏ గుర్తును ఎలా వాయించాలో పక్కనే విడమరిచాడు. ఆ విడమరుపు కూడా సుమారుగానే ఉంటుంది, మిగతాది తండ్రి పక్కన కూర్చుని వింటేనే వస్తుంది. మనవైపు చూస్తే, కర్నూలులో వైద్యుడిగా ఉంటూ సంగీతానికి జీవితం ధారపోసిన శ్రీపాద పినాకపాణి గారు ఇదే హద్దును వీలైనంత దూరం జరిపారు. తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన ఆయన 'సంగీత సౌరభం' సంపుటాల్లో గమకాన్ని చిన్నచిన్న స్వరాలుగా విడదీసి రాసిన తీరు చూస్తే తెలుగు లిపి ఎంత మోయగలదో తెలుస్తుంది. అయినా ఆయన బాణీ నిలిచింది నేదునూరి కృష్ణమూర్తి గారి వంటి శిష్యుల గొంతుల్లో. ఆ గొంతులు విన్నవాడికి ఆ పుస్తకం నిధి. విననివాడికి అదే పుస్తకం అంకెల చిట్టా.

రెండో ఆక్షేపణ శ్రోతల వైపు నుంచి వస్తుంది. పాడేవాళ్లకు ఇవన్నీ కావాలి, వినేవాళ్లకెందుకు, లెక్కలు చూసుకుంటూ కూర్చుంటే రసం ఏం మిగులుతుంది అని. గౌరవించాల్సిన మాటే. గమకానికి పేరు తెలియకపోయినా దానికి కళ్లు చెమర్చవచ్చు, ఆ విషయంలో పరిభాష లేకపోవడం అడ్డంకి కాదు. కానీ కచేరీలో సగభాగం కొలత మీద ఆధారపడిన సౌందర్యం. ఆ సగం లెక్క తెలియనివారికి అందదు. స్వరకల్పన సంగతే చూడండి. ఆది తాళం ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు మాత్రల చొప్పున ఆవర్తనానికి 32 మాత్రలు. గాయకుడు ఏడు మాత్రల స్వరగుచ్ఛాన్ని మూడుసార్లు పాడి, మధ్యలో రెండేసి మాత్రలు ఆగి, ముగింపుకు రావాలనుకున్నాడు. మూడు ఏళ్లు ఇరవై ఒకటి, రెండు విరామాలకు నాలుగు, మొత్తం 25. కృతి సమంలోనే, అంటే ఆవర్తనం మొదట్లోనే, ఎత్తుకునేదైతే, ఆవర్తనం మొదలయ్యాక ఏడు మాత్రలు గడిచాక ఈ ముక్తాయి మొదలుపెడితే సరిగ్గా సమానికి చేరుతుంది. అదే కృతి ఎడుపు, అంటే ఎత్తుకునే చోటు, ఒకటిన్నర అక్షరం తర్వాత ఉంటే, అంటే ఆరు మాత్రల తర్వాత, ముక్తాయి ఏడో మాత్ర తర్వాత కాక పదమూడో మాత్ర తర్వాత మొదలవ్వాలి. గాయకుడు ఈ లెక్క పాడుతూనే వేస్తాడు, మృదంగం వాయించేవారు రెండోసారి ఆ గుచ్ఛం వినపడగానే పసిగట్టి మూడోసారికి తోడు కలుస్తారు. ఇద్దరూ ఒకే బిందువు దగ్గర పల్లవిని అందుకునే ఆ క్షణంలో సభ ఒక్కసారిగా ఊపిరి వదులుతుంది. ఎడుపు ఎక్కడుందో తెలిసిన శ్రోత ఆ క్షణం కోసం ఎదురుచూస్తాడు, తెలియని శ్రోతకు అది ముగిశాక తెలుస్తుంది. ఎదురుచూడటంలో ఉన్న ఆనందాన్ని రసం కాదని ఎవరనగలరు? నెరవల్ కూడా అంతే. సాహిత్యంలో ఒక పంక్తిని తీసుకుని, అక్షరాలు తాళంలో పడే చోట్లను చెదరనివ్వకుండా, రాగాన్ని మాత్రం కొత్తకొత్తగా నింపడం అది. ఆ చోట్లు కదలలేదని గమనించినప్పుడే గాయకుడి స్వేచ్ఛ ఎంత కట్టుబాటులో పుట్టిందో అర్థమవుతుంది.

మూడోది ఈ కాలపు ఆక్షేపణ. రికార్డింగులు ఉండగా రాత దేనికి? గమకంతో సహా అంతా వినపడుతుంది కదా. ఇందులో నిజం ఉంది. మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగు 1902లో మొదలైంది, ఎట్టయపురం పుస్తకం 1904లో వచ్చింది. కదలికను పట్టే పని ధ్వనిముద్రణ ఏ గుర్తుకన్నా బాగా చేస్తుంది. కానీ రికార్డింగు ఒక గాయకుడు ఒక రోజు పాడినదాన్ని పట్టుకుంటుంది. పాత 78 పళ్లేల్లో పక్కకు మూడు నిమిషాల చిల్లర, దాంట్లో ఇమడటానికి కృతులనే కత్తిరించి పాడారు. అందులో ఏది కృతి, ఏది ఆ రోజు తోచిన సంగతి, అంటే అదే పంక్తిని మార్చి పాడిన వరస, అని విడదీసి చూపడం రికార్డింగుకు చేతకాదు. త్యాగరాజ కృతుల విషయంలో ఈ ప్రశ్న పెద్దది. ఆయన శిష్యుల్లో వాలాజాపేట బాణీ, ఉమయాళ్పురం బాణీ, తిల్లైస్థానం బాణీ అని మూడు ముఖ్యమైన పరంపరలు. ఒకే కృతికి పాఠాంతరాలు వేర్వేరు. ఒక పాఠంలో ఉన్న సంగతి ఇంకోదాంట్లో ఉండదు, ఉన్నా ఎత్తుకునే చోటు వేరే ఉంటుంది. ఇలాంటి రెండు పాఠాలను పోల్చాలంటే వాటిని పక్కపక్కన రాసుకోవాలి. చెవి ఒకదాని తర్వాత ఒకటి వింటుంది, కాగితం రెంటినీ ఒకేసారి చూపిస్తుంది.

రాతకూ వినికిడికీ మధ్య ఈ హద్దు తెలుసుకోవడం ఇప్పుడు మరీ అవసరమైంది. విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న గురువు దగ్గర డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న తెలుగు పిల్లలు వీడియోలో పాఠం నేర్చుకుంటున్నారు. ధ్వని అటునుంచి ఇటు చేరేసరికి కొంత ఆలస్యం అవుతుంది కాబట్టి గురుశిష్యులు కలిసి పాడలేరు, కలిసి తాళం వేయలేరు. దాంతో పాఠానికి ముందే స్వరపరిచిన కాగితం వెళ్తుంది, పిల్లలు దాన్ని చూస్తూ పాడతారు. గమకం రాకముందే అక్షరం కళ్లలో స్థిరపడిపోతుంది, తోడి గాంధారం కదలకుండా బిగుసుకుపోతుంది. ఈ క్రమాన్ని తిరగేయాలని నా మనవి. గురువు పాడిన రికార్డింగు ముందు పంపాలి. పిల్లలు ఎవరికి వారు చేత్తో తాళం వేసుకుంటూ వినికిడి మీద పల్లవిని పట్టుకోవాలి. అది గొంతులో కుదిరాక, ఆ పల్లవిని వాళ్లే స్వరపరిచి, నిలువుగీతలు, చుక్కలు, కామాలు పెట్టి, రాసి గురువుకు పంపాలి. తప్పు ఎడుపులో ఉంటే గీత దగ్గరే బయటపడుతుంది, కాగితం మీదే దిద్దవచ్చు. తప్పు గమకంలో ఉంటే కాగితం మీద కనపడదు, అప్పుడు గురువు మళ్లీ పాడి వినిపించాలి.